గ్రంథపాలకుని ఋణము

లోకమున ఋణములు రెండు విధములు. ఇచ్చినవానికే తిరిగి తీర్పవలసినది యొకటి. ఇచ్చినవానికి గాక తరువాత వచ్చువానికి తీర్పవలసినది రెండవది. ధనము మొదటి జాతికి జెందినది, విద్య రెండవ జాతికి జెందినది. మనకు నేర్పిన వృద్ధునకు మనము మరల ఆ విద్యను నేర్పలేము, అతనికది యక్కరలేదు. మనకంటె చిన్నవానికి నేర్పినప్పుడే ఆ ఋణము తీరును. ఈ మాట అందరు నెరిగినదే. కాని ఆచరణమునకు వచ్చునప్పటికి మనలో ననేకులు వెనుకాడుదురు. ఏల వెనుకాడుదురో, ఆ వెనుకాటువలన నష్టపోవునది యెవరో, గ్రంథాలయోద్యోగమును దృష్టాంతముగా గైకొని విచారింప దలచితిమి.

గ్రంథాలయమునే యేల గైకొనవలెనని యడుగవచ్చును. వడ్రంగి ప్రక్కన వాని కుమారుడు బాడిస పట్టుకొని నిలుచుండును. వకీలు వెంట చిన్న వకీలు కోర్టునకు నడచును. వైద్యుని ప్రక్కన శిష్యుడు రోగి నాడి చూచును. గ్రామములోని శాఖా గ్రంథాలయమున నట్లు కాదు. అక్కడ గ్రంథపాలకుడు తరచుగా నొక్కడే. తలుపు తీయువాడు నతడే, పత్రికలు పరచువాడు నతడే, పుస్తక మిచ్చి పట్టికలో వ్రాసికొనువాడు నతడే. ఒంటరిగా వచ్చి, ముప్పదియేండ్లు పనిచేసి, ఒంటరిగానే వెడలిపోవును. అతని వెంట ఏమి పోయినదో ఊరివారికి తెలియదు. పుస్తకములన్నియు బీరువాలలోనే యున్నవి గదా!

పోయిన దేమి? నరసరావుపేటలో గాని, మాచర్లలో గాని, గురజాలలో గాని యొక పఠనమందిరమును ఊహించుకొందము. మిరపకోతల దినములలో ఎవరును రారు. కోతలు ముగిసిన పిమ్మట వచ్చు రైతు ముందు పత్రికలో ధరలు చూచును, తరువాత నేమైన నొక కథ యడుగును. అతడు పోయిన యేడు చదివి సగములో విడిచిన పుస్తక మేదియో వృద్ధ గ్రంథపాలకునకు జ్ఞాపకమున్నది. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకుడు ప్రొద్దున వచ్చి రాత్రి తలుపులు మూయువరకు గూర్చుండును. మధ్యాహ్న మతడు భోజనమునకు లేవకుండుట ఆకలి లేకనా, డబ్బు లేకనా యని గ్రంథపాలకుడు గ్రహించియున్నాడు. తండ్రికి తెలియకుండ తమ్ముని చేత పుస్తకము తెప్పించుకొను బాలిక యొకతె గలదు. ఆమె కేది పంపవలెనో అతనికి దెలియును. ఈ జ్ఞానము పుస్తకముల పట్టికలో లేదు, కార్డులలో లేదు, ఇప్పటి కంప్యూటరులోను లేదు. అది యొక మనుష్యుని యందే యున్నది. ఆ మనుష్యుడు మరియొకని కప్పగింపనియెడల, పదవీ విరమణము నాడు మెడలో పూలదండతో పాటు దానిని గూడ ఇంటికి గొనిపోవును.

ఇందులకు వెంటనే యొక యాక్షేపణము రాగలదు. గ్రంథాలయశాస్త్రమున కిప్పుడు విశ్వవిద్యాలయములు గలవు, పట్టములు గలవు. వృద్ధుల నాశ్రయించి నేర్వవలసిన యవసర మేమి యని కొంద రందురు. శాస్త్రమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. మన రాజధానియైయుండిన మదరాసులోనే 1928లో గ్రంథాలయ సంఘ మేర్పడి, 1929లో గ్రంథపాలకుల శిక్షణము ప్రారంభమైనది. దానికి మూలపురుషుడు శియాలి రామామృత రంగనాథన్ గారు. వారి చరిత్రమే మా పక్షమున సాక్ష్యము పలుకును. ఆయన గణితశాస్త్రాధ్యాపకుడు. 1924లో మదరాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకుడుగా వచ్చినప్పు డాయనకు ఆ పని రుచింపలేదు. మరల తరగతి గదికే పోవుద మనుకొనెను. లండనుకు పంపబడిన తరువాత అక్కడ గురువైన బెర్విక్ సేయర్స్ గారు ఆయనను ఉపన్యాసములతో విడిచిపెట్టక, తాము గ్రంథపాలకులైయున్న క్రాయిడన్ గ్రంథాలయమునకు గొనిపోయి పనిలో దింపిరి. పనివారి నడుమ నిలిచి చూచిన పిమ్మటనే ఆ గణితాధ్యాపకునకు గ్రంథాలయ మనగా నేమో బోధపడినది. 1931లో వెలువడిన ఆయన పంచసూత్రములకును, 1933లో వెలువడిన ద్విబిందు వర్గీకరణమునకును వెనుక, ఒక పెద్ద తన తలుపు తెరచి యొక పరదేశపు యువకుని లోనికి బిలిచిన యుదారత గలదు. సూత్రములు పుస్తకమున నేర్చుకొనవచ్చును. ఏ సూత్ర మెప్పుడు వంగవలెనో మనుష్యుని ప్రక్కన నిలిచియే నేర్వవలెను.

ఇట్టి పెద్దను ఆంగ్లభాషలో మెంటరు అందురు. ఆ పేరు హోమరు కావ్యమైన ఒడిస్సీలోనిది. ఒడిస్యూసు యుద్ధమునకు బోవుచు తన యింటిని మెంటరను స్నేహితున కప్పగించెను. చాలకాలమునకు అథీనా దేవి ఆ మెంటరు రూపము ధరించి వచ్చి, ఒడిస్యూసు కుమారుని ఇల్లు కదలించి, ఓడ యెక్కించి, తండ్రి జాడ దెలిసికొనుటకు దేశాంతరము గొనిపోయినది. ఇంట గూర్చుండి హితము చెప్పినందువలన గాక, పిల్లవానిని బయలుదేర్చి తోడు నడచినందువలన ఆ పేరు నిలిచినది. మన సంస్కృతమునను ఆచార్యశబ్దమునకు ఆచారమును గ్రహింపజేయువాడని యాస్కుడు నిర్వచనము చెప్పియున్నాడు. చెప్పుట వేరు, గ్రహింపజేయుట వేరు. తరగతిలో మేము వేసిన ప్రశ్నకు మేమే జవాబు చెప్పుకొన్నచో పాఠము త్వరగా ముగియును. పిల్లవాడు తడబడుచు చెప్పువరకు వేచియున్నచో ఆలస్యమగును. కాని మొదటి పద్ధతిలో నేర్చువాడు లేడు.

మన గ్రంథాలయోద్యమ చరిత్రములో పెద్దలు చిన్నలకు హితవచనముల కంటె ముందు పని నిచ్చిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారిలో నొకరు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. ఆ మండలి 1907లో ప్రకటించిన మొదటి గ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. దాని రచన ప్రసిద్ధులైన పండితుల కప్పగింపబడలేదు; ఇరువది నాలుగేండ్లు నిండీ నిండని గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి అప్పగింపబడెను. ఆ యువకుడే తరువాత ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు చాలకాల మధ్యక్షుడై, వయోజన విద్యకు పాటుపడి, 1960లో కాలధర్మము నొందువరకు పుస్తకమును ప్రజల యింటికి జేర్చు పనిలోనే యుండెను.

1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సమావేశమైరి. సభ కధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు. అప్పటికే ప్రసిద్ధ కవి, కంటిచూపు మొదటినుండియు సరిగా లేనివారు. సభను సమకూర్చుటకై పరుగులిడిన అయ్యంకి వేంకటరమణయ్య గారికి ఇరువది నాలుగేండ్లయినను నిండలేదు. చదువుటకు చూపు చాలని పెద్ద అధ్యక్షపీఠమున గూర్చుండి, చూపు గల చిన్నవానికి పనిని విడిచిపెట్టుటలో మా కొక ధర్మము కనబడుచున్నది. పెద్ద తన గౌరవమును అండగా నిచ్చెను. అధికారమును చిన్నవాని చేతిలో నుంచెను. ఐదేండ్లు తిరుగునప్పటికి, 1919 నవంబరున, ఆ చిన్నవాడు మదరాసులో అఖిలభారత గ్రంథాలయ మహాసభను సమకూర్చుటలో ముందు నిలిచెను.

అయ్యంకి వారికిని తరువాతి తరము వచ్చినది. వారికంటె పదునేడేండ్లు చిన్నవారైన పాతూరి నాగభూషణము గారు గుంటూరు మండలము పెదపాలెమున సేవాశ్రమమును స్థాపించి, 1935లో కాలువ మీద పడవలో పుస్తకములు పెట్టి ఊరూరికి నడపిరి. ఆ కాలువగట్టున నిలుచున్న పాఠకునకు పడవయే తగినదని ఆయనకు తోచినది. చిన్నవాడు పెద్దవాని పనిని చేసినదే చేయక, దాని యర్థమును గ్రహించి క్రొత్త పని చేసినప్పుడే పరంపర నిలిచినదని చెప్పవలెను. ఆ నాగభూషణము గారే పిమ్మట విజయవాడలో సర్వోత్తమ గ్రంథాలయమును నెలకొల్పి, గ్రంథపాలకులకు శిక్షణము నిచ్చుటలో తమ యుత్తరజీవితమును గడపిరి. పడవ నడపినవాడు పడవ నడపువారిని తయారుచేయుట. ఋణము తీర్చుట యనగా నిదియే.

ఆ కాలమున గ్రంథాలయము ఉద్యమము. ఇప్పు డది ఉద్యోగము. 1948లో మదరాసు రాష్ట్ర గ్రంథాలయ శాసనమును, 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనమును వచ్చిన పిమ్మట పన్నుతో పోషింపబడు వ్యవస్థ యేర్పడినది. ఇది మేలే, చందాల మీద బ్రతుకు గ్రంథాలయము దాత మనస్సును బట్టి బ్రతుకును. కాని ఉద్యమములో పెద్దకు చిన్నవాడు కావలసియుండెను. ఉద్యోగములో పెద్దకు చిన్నవాడు పోటీదారుగ కనబడుట కవకాశ మున్నది. “నాకు దెలిసినది అతనికి జెప్పినచో నన్నెవరు లెక్కపెట్టుదురు?” అను ప్రశ్న నోట రాకపోయినను మనస్సులో మెదలును. ఫలాని పుస్తక మెక్కడ నున్నదో తన కొక్కనికే తెలిసియుండుట, ఫలాని లెక్క తాను లేనిదే తేలకుండుట, ఇవి తన గొప్పకు గురుతులని యతడు భ్రమించును. నిజమునకు, ఒక మనుష్యుడు సెలవు పెట్టిన దినమున గ్రంథాలయము నడవకున్నచో అది యతని సామర్థ్యమునకు గాదు, లోపమునకు సాక్ష్యము. మఱ్ఱిచెట్టు నీడలో మరియొక చెట్టు ఎదుగదని చెప్పుకొందురు. కాని మఱ్ఱియే తన ఊడలను నేలకు దింపి, అవి మ్రానులై తన్ను మోయునట్లు చేసికొనుచున్నది. మఱ్ఱి వలె నుండదలచిన పెద్దలు దాని నీడను మాత్రమే గాక ఊడలను గూడ చూడవలెను.

ఇక్కడ నింకొక సూక్ష్మ విషయము గలదు. పెద్దలు తమ కుద్దేశము లేకయే తమ భయములను గూడ చిన్నలకు అప్పగింతురు. పోయిన పుస్తకమునకు గ్రంథపాలకుడే జవాబుదారి యను భయము మన గ్రంథాలయములలో చాల పాతది. ఆ భయముతో ముప్పదియేండ్లు గడపినవాడు, క్రొత్తగా చేరిన యువకునకు మొదటి దినముననే బీరువా తాళముల గుత్తి చూపి, “తాళము తీసితివా, నీ కొంప మునిగిన దనుకొనుము” అనును. అతడు ద్రోహబుద్ధితో చెప్పలేదు, వాత్సల్యముతోనే చెప్పెను. కాని ఆ యొక్క మాటతో ఒక గ్రంథాలయము మరియొక ముప్పదియేండ్లు మూతపడినది. మధ్యయుగమున ఐరోపాలో పుస్తకములను గొలుసులతో బల్లలకు గట్టిరి. పుస్తకము లుపయోగమునకే యను మొదటి సూత్రమును రంగనాథన్ గారు స్థాపించునప్పు డా గొలుసుల ముచ్చట చెప్పక పోలేదు. ఇనుప గొలుసులు తెగినవి. వాత్సల్యముతో నేర్పబడు గొలుసులు తెగుట కష్టము. చెదలు తిన్న పుస్తకము నష్టములో వ్రాయబడును, పోయిన పుస్తకము నష్టములో వ్రాయబడును. పదేండ్లు ఎవరును ముట్టక నిలిచిన పుస్తక మే పట్టికలోను నష్టముగా వ్రాయబడదు. ఇది గుర్తించి, ఏ నష్టము క్షమింపదగినదో, ఏది క్షమింపరానిదో చిన్నవానికి తేటపరచుటయే పెద్ద చేయగల మొదటి యుపకారము. రెండవ యుపకారము, చిన్నవాడు ధైర్యముగా తలుపు తెరచిన మొదటి యేట ఒకటి రెండు పుస్తకములు పోయినచో పై యధికారుల యెదుట అతని ప్రక్కన నిలిచి, “నేనే తీయమంటిని” అని చెప్పుట. ఈ రెండవది చేయనివాడు మొదటిది చెప్పుటకు అర్హుడు కాడు.

ఎవరికి నేర్పవలెనను ప్రశ్న దీనికంటె కఠినము. పెద్ద తనకు తెలియకయే తన ప్రతిబింబమును వెదకును. తన కులపువాడు, తన యూరివాడు, తన మాటతీరు గలవాడు కనబడినచో “వీడు పైకి వచ్చువాడు” అనును. తక్కినవారు పని మాత్రము చేయుదురు. వారి కెవరును మర్మము చెప్పరు. మా పలనాడు ఈ విషయమున నొక పాఠము చెప్పగలదు. వీరగాథలలో బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును కుమారుని వలె పెంచి సేనానాయకుని జేసెను. చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క పంక్తిలో గూర్చుండబెట్టెను. కారెంపూడి తిరునాళ్లలో ఈ కథ నేటికిని స్మరింపబడుచున్నది. కథను స్మరించుట సులభము. తన తరువాతి స్థానమునకు కన్నమదాసును ఎన్నుకొనుట కష్టము. ఇదే సీమలో వినుకొండయందు 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ గారు విద్యకొరకును గౌరవముకొరకును ఎన్ని యవమానములు సహించిరో తెలుగువా రందరు నెరుగుదురు. నేడు గ్రంథాలయశాస్త్రము చదివి వచ్చువారిలో స్త్రీలు ననేకులు గలరు. వారికి పుస్తకములకు అట్టలు వేయు పని యిచ్చి, ఏ పుస్తకములు కొనవలెనో నిర్ణయించు సభకు మాత్రము పిలువని పెద్ద, తాను చాపకూడు పెట్టితినని చెప్పుకొనరాదు. వడ్డించునప్పుడు పిలిచి, వండునప్పుడు పిలువకుండుట సమానత్వము కాదు.

చిన్నలకును ధర్మము గలదు. శుశ్రూష యనగా సేవ యని మనవారు వాడుదురు. కాళ్లొత్తుట, సంచి మోయుట యని యర్థము చెప్పుకొని ఆధునికులు దానిని పరిహసింతురు. శబ్దార్థము విచారించినచో శుశ్రూష యనగా వినగోరుట. వినగోరువాడు ప్రశ్నింపకుండ నుండలేడు. కావున శుశ్రూషలో ప్రశ్నయు నిమిడియున్నది. నేటి యువకుడు కంప్యూటరు నెరుగును. క్షణములో పట్టికను వెదకగలడు. దేశాంతరములలోని పుస్తకమును తెరపైకి రప్పింపగలడు. పెద్ద యిది యెరుగడు. ఇందువలన యువకునకు కొంత తిరస్కార భావము కలుగుట సహజము. కాని యంత్రము అడిగినదానికి జవాబు చెప్పును. అడుగలేక గుమ్మము దగ్గర నిలిచిన వానిని లోనికి పిలువదు. ఆ పిలుపు పెద్దవానికి తెలిసిన విద్య. పెద్ద యువకుని యొద్ద యంత్రమును నేర్చుకొనుటకు సిగ్గుపడనిచో, యువకుడు పెద్ద యొద్ద మనుష్యుని నేర్చుకొనుటకు సిగ్గుపడడు. ఇచ్చి పుచ్చుకొనుట యున్నచోట గురుత్వము బరువుగా నుండదు.

ఇక కాలమును గూర్చి. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన సామెత. పాతవాడు వెడలిన పిమ్మట నెలలకో, ఏండ్లకో క్రొత్తవాడు వచ్చినచో వారిద్దరు కలిసికొనునది యెక్కడ? ఈ యెడబాటు వ్యక్తుల దోషము గాదు, వ్యవస్థ దోషము. విరమించువాడు వెళ్లుటకు ముందే వచ్చువాడు రావలెను. ఇద్దరును ఆరు నెలలైన నొకే బల్ల వద్ద గూర్చుండవలెను. ఇది వ్యర్థవ్యయ మని లెక్కల వారనవచ్చును. ముప్పదియేండ్ల యనుభవమును ఉచితముగా పారవేయుట ఏ లెక్కలో పొదుపో వారే చెప్పవలెను. ప్రభుత్వము చేయువరకు వేచియుండ నక్కరలేదు. విరమించినవారు వారమున కొక దినము పాత బల్ల వద్దకు వచ్చి, అధికారము కోరక, అడిగినదానికి చెప్పుచు కూర్చుండవచ్చును. అడుగనిదానికి చెప్పకుండుట గూడ వారు నేర్వవలసిన విద్యయే.

మాచర్లకు దాపున, కృష్ణ యొడ్డున, ఇక్ష్వాకుల నాటి విజయపురి యుండెను. నాగార్జునకొండ లోయలో బౌద్ధ విహారములు వెలసినవి. సింహళ భిక్షువుల కొరకు ప్రత్యేకముగ నొక విహార ముండినట్లు శాసనములు తెలుపుచున్నవి. సముద్రము దాటి వచ్చిన గురువు లక్కడ బోధించిరి. 1954 మొదలు 1960 వరకు ఆ లోయను త్రవ్వి, సాగరజలములలో మునుగకముందే ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగ విప్పి ఎత్తైన తావులలో మరల నమర్చిరి. గొప్ప పని. ఆ రాళ్ల నడుమ నిలిచినప్పుడు మాకు తోచునది యొక్కటే. రాతిని నీటినుండి కాపాడవచ్చును, విప్పి మరల పేర్చవచ్చును. కాని ఆ గదులలో గురువు శిష్యునకు చెప్పిన మాట ఒక తరమున తెగిపోయినది. దానిని త్రవ్వి తీయగల పార యే శాస్త్రజ్ఞుని యొద్దను లేదు. విహారమునకు శత్రువులు అక్కరలేదు. నేర్పువాడు నేర్పక, నేర్చువాడు నేర్వక యొక్క తరము గడచిన జాలును.

మన గ్రామ గ్రంథాలయములకును అంతియే. భవనములు కట్టవచ్చును, పుస్తకములు కొనవచ్చును, యంత్రములు తేవచ్చును. ఇవన్నియు ధనముతో నగు పనులు. ధనముతో గానిది యొక్కటే: ఒక పెద్ద తాళపుచెవులను చిన్నవాని చేతిలో బెట్టి, కొంతకాలము ప్రక్కన నిలిచి, పిమ్మట నొక యడుగు వెనుకకు వేయుట. ఆ యడుగు వేయుటకు చాల బలము గావలెను. ముప్పదియేండ్లు మనదని యనుకొన్నది మనది కాదనియు, మనము దానికి కావలివారమే యనియు నొప్పుకొనవలెను. అట్లొప్పుకొన్న గ్రంథపాలకుని పేరు ఏ గోడమీదను ఉండకపోవచ్చును. కాని కోతలు ముగిసి రైతు వచ్చినప్పుడు, అతడు సగములో విడిచిన పుస్తకము క్రొత్తవాని చేతినుండి అతని యెదుటికి వచ్చును. ఋణము తీరినదనుట కంతకంటె రసీదు అక్కరలేదు.